తొమ్మిదో ప్రశ్న

తొమ్మిదో ప్రశ్న దగ్గర కూడా నర్సు తల ఎత్తలేదు. "నొప్పి మాత్రలేమైనా రోజూ వేసుకుంటున్నారా?" అని కాగితంలోకి చూస్తూనే అడిగింది.

"లేదండీ," అంది బుల్లి.

అబద్ధం అంత సునాయాసంగా నోట్లోంచి జారిపడుతుందని ఆమె అనుకోలేదు. నర్సు గడిలో ఒక గీత గీసి పదో ప్రశ్నకు వెళ్ళిపోయింది. పక్క కుర్చీలో అత్తయ్య సంచీని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆన్చి, పరీక్ష హాల్లో పంతులమ్మలా నిటారుగా కూర్చుని ఉంది. ఆవిడ ఈ ఆపరేషన్ వద్దనే అంది. "ఒంట్లో ఉన్నదాన్ని కోయించుకోవడమేమిటి, రోగమా రొష్టా," అని నాలుగు నెలలుగా అంటూనే ఉంది. బుల్లి భర్త సిటీ బస్సు నడుపుతాడు. సోమవారం అతనికి సెలవు దొరకలేదు. తోడు లేకుండా రావద్దని ఆస్పత్రివాళ్ళు చెప్పడంతో అత్తయ్య మూతి బిగించుకుని బయల్దేరింది.

ఆవిడ పక్కన లేకపోతే బుల్లి నిజమే చెప్పేది. ఆ ఇంట్లో జ్వరమొచ్చినా తడిగుడ్డే మందు. మాత్ర అన్న మాట వినిపిస్తే చాలు, అత్తయ్య ముఖం ధడాలున తలుపేసినట్టు మూసుకుపోయేది. ఎందుకని అడిగే ధైర్యం కొడుక్కే లేదు, ఇక కోడలికెక్కడిది?

పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉందని పెట్టిన ముద్దుపేరు బుల్లి. ముప్పై నాలుగేళ్ళొచ్చాక, ఆ మనిషిని ఆ పేరుతో పిలవడానికి కొత్తవాళ్ళు కాస్త తడబడతారు. మెడ నుంచి నడుము దాకా ఆమె మోస్తున్న బరువు అలాంటిది. శుక్రవారం ఆ బరువు తగ్గిస్తారు. రొమ్ముల్లోంచి అవసరానికి మించిన కొవ్వు తీసేసి, మిగిలినదాన్ని పైకెత్తి కుడతారు. ఈ తారీకు కోసం పద్నాలుగు నెలలు ఆగింది.

"అన్నీ బాగున్నాయి. రక్తపరీక్ష బాగుంది, రొమ్ముల ఎక్స్‌రే బాగుంది," అంటూ నర్సు నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి చేతికిచ్చింది. "ఇది ఇంటికెళ్ళి చదువుకోండి. ఆపరేషన్‌కి ముందు తెలుసుకోవాల్సినవన్నీ ఇందులో ఉన్నాయి."

మర్నాడు షాపులో చదివింది.

బుల్లి పని చేసేది కళ్ళజోళ్ళ షాపులో. గుండ్రటి లెన్సును ఫ్రేము ఆకారానికి అరగదీసి బిగించడం ఆమె పని. చూపు ఎక్కడ పడుతుందో లెన్సు మీద అక్కడ చుక్క పెట్టాలి. తిరిగే రాయికి ఆన్చి అంచు దించాలి, గోరు మొనంత స్క్రూ తిప్పాలి. మెడ వంచితేగాని జరగని పని. రెండేళ్ళ కిందటి దాకా ఆమె బల్ల షాపు ముందు, కిటికీ పక్కన ఉండేది. వచ్చినవాళ్ళ ముఖానికి జోడు పెట్టి, చెవి వెనక వంపు సరిచేసి, "ఇప్పుడు తల ఊపండి, జారుతోందా?" అని అడగడం ఆమెకు ఇష్టమైన పని. అక్కడైతే గంటకోసారి లేచి నిలబడే వీలుండేది. ఒకరోజు ఓనరు, "ఈమధ్య కొందరు జోడు కోసం రావడం లేదు, నిన్ను చూడ్డానికే వస్తున్నారు," అని నవ్వాడు. తెల్లారేసరికి బల్లను వెనకగదిలో గోడకెదురుగా వేయించాడు. "నీ మంచికేనమ్మా," అన్నాడు. చూసేవాళ్ళను మాత్రం ఎవరూ ఎక్కడికీ మార్చలేదు.

ఆ గోడ ముందు కూర్చున్నాకే, అప్పుడప్పుడూ వేసుకునే మాత్ర రోజుకు రెండయింది.

కాగితం బల్ల మీద పరిచి, ఎవరైనా వస్తే కనపడకుండా సగం ఫ్రేముల డబ్బా కింద పెట్టి చదవసాగింది. మచ్చలు పడతాయి, చనుమొన చుట్టూ ఒకటి, అక్కడి నుంచి కిందికి ఒకటి, అడుగున ఒకటి, పోవడానికి ఏడాది పైన పడుతుంది, పూర్తిగా పోవు. స్పర్శ తగ్గొచ్చు, అసలు రాకపోవచ్చు. మళ్ళీ బిడ్డకు పాలివ్వాలంటే ఇవ్వలేకపోవచ్చు. అది చదివి ఊరుకుంది. ఉన్న ఒక్క కూతురికి ఏడేళ్ళు, ఈ వారం ఆడపడుచు ఇంట్లో ఉంది, ఇంకొకరు వద్దనుకున్నారు. పక్కల నుంచి రక్తం పోయే గొట్టాలు ఒకటి రెండు రోజులు ఉంటాయి. ఆరు వారాలు బరువులెత్తకూడదు, వెల్లకిలా పడుకోవాలి. ఇదంతా డాక్టరమ్మ ముందే చెప్పింది. కాగితం తిరగేసింది.

"రక్తాన్ని పలచన చేసే నొప్పి మాత్రలు కనీసం రెండు వారాల ముందే మానెయ్యాలి. మానకపోతే ఆపరేషన్‌లోనూ, ఆ తర్వాతా రక్తస్రావం ప్రమాదకరంగా మారవచ్చు." దాని కింద కొన్ని మాత్రల పేర్లు ఉన్నాయి. వరసలో రెండోది ఆమె మాత్ర.

అరగంట కిందటే ఒకటి మింగింది. నాలుక మీద ఆ చేదు ఇంకా ఉంది.

కాగితాన్ని మళ్ళీ చదివింది, ఈసారి 'కనీసం' అన్న మాట వేరేలా కనిపిస్తుందేమోనని. కనిపించలేదు. పాత స్క్రూల డబ్బా అడుగున దాచిన మాత్రల అట్ట తీసి, చెత్తబుట్టలో వేసి, మళ్ళీ తీసి, చింపి, వేరే చెత్తబుట్టలో వేసింది. ఇవాళ్టి నుంచి మానేస్తే చాలదా? మంగళ, బుధ, గురు. మూడు రోజులు. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఎన్నిసార్లు మడిచినా మూడే.

ఫోన్ చేసి చెప్పొచ్చు. చెబితే తారీకు పోతుంది. బడులు తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి, పిల్లల జోళ్ళ రద్దీతో షాపులో ఊపిరాడదు. "ఈ శుక్రవారం నుంచి మూడు వారాలంటే సరే, ఆ తర్వాత అడక్కు," అని ఓనరు ముందే తెగేసి చెప్పాడు. ఇప్పుడు పోయిన తారీకు మళ్ళీ ఎప్పటికొస్తుందో. అన్నిటికన్నా ముందు, ఎందుకు వాయిదా పడిందని అత్తయ్య అడుగుతుంది.

బుధవారం నొప్పి తిరిగొచ్చింది. నాలుగేళ్ళుగా మాత్ర చాటున నక్కి ఉన్నదంతా ఒక్కసారే బయటికొచ్చినట్టు, మెడ దగ్గర మొదలై భుజాల మీదుగా మోచేతుల దాకా పాకింది. ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. రాయి దగ్గర పట్టు తప్పి లెన్సు అంచు పెచ్చు లేచింది. ఆ పని చెయ్యగా చెయ్యగా పదేళ్ళలో అలా జరగడం అది రెండోసారి.

టీ తాగే వేళ మందుల షాపుకి వెళ్ళింది. షాపతను ఆమెను చూడగానే అలవాటుగా వెనక అరలోకి చెయ్యి పెట్టాడు.

"వద్దండీ," అంది. "ఇది మానేస్తే ఒంట్లోంచి ఎన్నాళ్ళకి పోతుంది?"

"కడుపులోంచా? ఒక పూటలో పోతుంది."

అమ్మయ్య అనుకుంది. అతను ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యి ఊపాడు. "కానీ రక్తం మామూలుగా గడ్డకట్టాలంటే వారం, పది రోజులు పడుతుంది. ఏం, పన్నేమైనా పీకించుకుంటున్నారా? డాక్టరుకి చెప్పారుగా?"

"చెప్పాను," అంది బుల్లి. రెండో అబద్ధం మొదటిదానికన్నా తేలిగ్గా వచ్చింది. అందుకే ఇంకా భయమేసింది.

ఆ సాయంత్రం భర్త బస్సు డిపో నుంచి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని, "వణుకుతున్నావేంటే? ఇష్టం లేకపోతే మానేద్దాం. నువ్వెలా ఉన్నా నాకు బాగానే ఉంటావు," అన్నాడు. మంచి మాటే. కానీ మోసేది అతను కాదు. అతనికి చెప్పేద్దామనుకుంది. చెబితే అతని కడుపులో మాట ఆగదు, వంటగదిలో ఉన్న వాళ్ళమ్మ దాకా పది అడుగులే దూరం. "భయమేం లేదు, చలి," అంది.

గురువారం మధ్యాహ్నం ఆస్పత్రిలో చేరింది. రెండు మంచాల గది. రెండోదాని మీద ఉన్నావిడ వయొలిన్ నేర్పే టీచరు. అదే ఆపరేషన్ అయ్యి నాలుగో రోజు. వీపు వెనక నాలుగు దిళ్ళు పేర్చుకుని, ముందు గుండీలున్న మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, పలకరించే మనిషి కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంది.

"చొక్కా తెచ్చుకున్నారా ఇలాంటిది? తల మీంచి తొడుక్కునేవి నెల రోజులు పనికిరావు," అంది. "తెచ్చుకోకపోతే మీ ఆయనది దొంగిలించండి. ఇది మా ఆయనదే. ఇంకోమాట, కట్టు విప్పిన మొదటిరోజు అద్దంలో చూసుకోకండి. ఆ కుట్లన్నీ చూస్తే పార్సిలు కట్టి చిరునామా రాయడం మర్చిపోయినట్టుంటుంది."

బుల్లి నవ్వింది. మంచం చివర కూర్చున్న అత్తయ్య నవ్వలేదు.

"నొప్పి ఎక్కువా?" అని అడిగింది బుల్లి.

"అనుకున్నంత లేదు. మెడ నొప్పి మాత్రం లేచేసరికే పోయింది, అది నమ్మలేకపోయాను. కాకపోతే నాకు ఎడమవైపు తేడా చేసింది. సాయంత్రానికల్లా బూరలా ఉబ్బింది. లోపల రక్తం కారి గడ్డకట్టిందట. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి, కుట్లు విప్పి, గడ్డ తీసి, మళ్ళీ కుట్టారు. రక్తం ఎక్కించారు."

"ఎందుకలా అయింది?" బుల్లి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఏమో, అన్నీ సరిగ్గా ఉన్నా నూటికో కోటికో ఒకరికి అలా అవుతుందట. కారణమంటూ ఉండక్కర్లేదట."

కారణం ఉన్నవాళ్ళకు ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు. బుల్లి అడగలేదు. దుప్పటి కింద రెండు చేతులూ కడుపు మీద గట్టిగా పెట్టుకుని, సాయంత్రం మత్తు డాక్టరు వచ్చి "మందులేమైనా?" అని అడిగితే మళ్ళీ "లేవండీ" అంది. అత్తయ్య అక్కడే నిలబడి ఉంది. ఆయన వెళ్తున్నప్పుడు వెనక్కి పిలవాలని నోరు తెరిచింది. ఆయన చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా విని, కళ్ళు మూసుకుంది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి డాక్టరమ్మ వచ్చింది. పరదా లాగి, బుల్లిని గోడ పక్కన నిలబెట్టింది. గీతలు నిలబెట్టే గియ్యాలి, పడుకుంటే ఆకారం మారిపోతుందని చెప్పింది. మెడ కింది గుంట నుంచి టేపు పెట్టి కొలిచి, ఊదారంగు పెన్నుతో చుక్క పెట్టింది. భుజం ఎముక మధ్య నుంచి కిందికి ఒక గీత. మళ్ళీ కొలత. వెనక్కి రెండడుగులు వేసి, తల ఒక పక్కకు వాల్చి చూసి, ఒక చుక్కను దూదితో తుడిచి రెండు నూలుపోగులంత పైన మళ్ళీ పెట్టింది.

లెన్సు మీద చుక్క పెట్టేటప్పుడు బుల్లి కూడా ఇలాగే ఊపిరి బిగపడుతుంది. ఇలాగే తల వాల్చి చూస్తుంది. చుక్క తప్పితే తుడిచి మళ్ళీ పెట్టొచ్చు. రాయి తిరగడం మొదలయ్యాక ఇక చేసేదేమీ ఉండదు. చీటీలో పవరు తప్పు రాసి పంపినవాళ్ళ లెన్సులు అలా ఎన్ని పాడయ్యాయో ఆమెకు తెలుసు. అలాంటి ప్రతిసారీ ఆమె అనుకునేది, ముందు చెప్పడానికి వీళ్ళకేం నొప్పి అని.

"డాక్టరుగారూ, ఒక మాట చెప్పాలి."

"కదలకుండా చెప్పండి."

"నేను నొప్పి మాత్రలు వేసుకుంటున్నానండీ. నాలుగేళ్ళుగా. ఈ రెండేళ్ళ నుంచి రోజుకు రెండు."

పెన్ను చర్మం మీదే ఆగింది. "ఏ మాత్ర?"

చెప్పింది.

"ఆఖరిది ఎప్పుడు?"

"మంగళవారం పొద్దున."

డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టింది. స్టూలు లాక్కుని కూర్చుంది. "సోమవారం అడిగితే లేదన్నారు. నిన్న కూడా లేదన్నారు."

"అవునండీ."

"ఎందుకు?"

బుల్లి చూపు కిందికి వాలింది. పరదా కింద జానెడు ఖాళీ ఉంది. ఆ ఖాళీలో అత్తయ్య పాదాలు కనిపిస్తున్నాయి. మడమలు పగిలి, పక్కపక్కనే ఆనించి, కదలకుండా.

డాక్టరమ్మ ఆమె చూపు వెంట చూసి, ఇంక అడగలేదు. "ఇవాళ చెయ్యను," అంది నెమ్మదిగా. "మీ రక్తపరీక్ష బాగానే వచ్చింది. అది నమ్ముకుని లోపలికి తీసుకెళ్ళి ఉంటే, రక్తం ఎందుకు ఆగడం లేదో తెలియక నేను వెతుక్కుంటూ ఉండేదాన్ని. మూడు వారాల తర్వాత మంగళవారం ఖాళీ ఉంది. ఈలోపు నొప్పికి వేరే మాత్ర రాస్తాను, దాంతో రక్తానికి ఇబ్బంది ఉండదు. ఇది కూడా వద్దనిపిస్తే నాకు చెప్పి మానండి, చెప్పకుండా మాత్రం ఏదీ వద్దు."

ఇంటికెళ్ళే బస్సులో అత్తయ్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బుల్లి జాకెట్టు కింద గీతలు చెమటకు చిరచిరలాడుతున్నాయి. భయమంటే ఈ నాలుగు రోజులూ పడింది కాదు, ఇంటి తలుపు తీశాక రాబోయేది అనిపించింది.

తలుపు తీశాక అత్తయ్య వంటగదిలోకి వెళ్ళి చిన్న గిన్నెలో నూనె, దూది తెచ్చింది. "కూర్చో," అంది, స్నానాలగదిలో ముక్కాలిపీట చూపించి.

"నేను తుడుచుకుంటానత్తయ్యా."

"నీ చెయ్యి పైకి లేవడం లేదని మూడు రోజులుగా చూస్తున్నాను. కూర్చో."

పెళ్ళయ్యి పదేళ్ళయింది. ఆవిడ ముందు బుల్లి ఎన్నడూ జాకెట్టు విప్పలేదు. ఇప్పుడు గోడ వైపు తిరిగి విప్పింది. నూనెలో ముంచిన దూది భుజం మీద ఆనింది, ఆగిపోయింది. బ్రా పట్టీ ఉండేచోట, రెండు భుజాల మీదా, చిటికెనవేలు పట్టేంత గాడి ఉంది. అత్తయ్య అందులో వేలు పెట్టి చూసింది.

"ఎన్నేళ్ళ నుంచి?"

"గుర్తులేదండీ. అలవాటైపోయింది."

దూది కదిలింది. ఊదా గీత నూనెలో కరిగి నీలంగా పాకింది. అత్తయ్య కొత్త దూది తీసుకుంది.

"మీ మామగారు పోయాక పరుపు తిరగేస్తే ఖాళీ మాత్రల అట్టలు దొరికాయి. గుప్పెళ్ళకొద్దీ. మోకాళ్ళ నొప్పికి మింగేవాడట. కడుపులో పుండు పడి రక్తం కక్కుకుని పోయాడు. గుండెపోటని అందరికీ చెప్పాను. నీ మొగుడికి కూడా అదే తెలుసు."

"ఎందుకత్తయ్యా, అలా చెప్పారు?"

"నాకు చెప్పకుండా మింగాడంటే, నాకు చెప్పలేకపోయాడనేగా? ఆ మాట బయటపెట్టలేక మాత్రల మీద కోపం పెంచుకున్నాను. పదకొండేళ్ళు. అవేం చేశాయి పాపం." దూదిని గిన్నె అంచుకు పిండింది. "ఇవాళ డాక్టరమ్మ ఎందుకు చెప్పలేదని నిన్ను అడిగింది. నువ్వు మాట్లాడలేదు. పరదా అవతల నేనున్నాననేగా?"

కాదని చెప్పడం తేలికే. ఆ వారంలో బుల్లికి ఆ అలవాటు బాగా అయింది. "అవునత్తయ్యా," అంది.

"నేనంత భయపెడతానా?"

"భయపెడతారు."

బుల్లి తల తిప్పలేదు. దూది మళ్ళీ కదిలింది, ఇందాకటికన్నా మెల్లగా, చంక కిందికి.

"ఇంకేమైనా దాచావా?"

"మత్తిచ్చాక ఇక లేవనేమోనని భయంగా ఉంది."

"అదా," అంది అత్తయ్య. "నాకూ అదే. లేకపోతే నాలుగు నెలలుగా అంత గొడవ ఎందుకు పెడతాను?"

శనివారం బుల్లి షాపుకెళ్ళింది. సెలవు జరపమని అడగడానికి దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్ళింది. ఓనరు ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఆమె బదులు తెచ్చినతను నిన్న ఒక్కరోజులో ఏడు లెన్సులు పాడుచేశాడట, ఒక ముసలాయనకు కుడికన్ను అద్దం ఎడమకు బిగించి పంపాడట, ఆయన మెట్ల మీద తూలిపడబోయాడట. "మూడు వారాల తర్వాత వెళ్తావా? వెళ్ళు, వెళ్ళు. ముందు ఈ పని చూడు," అన్నాడు. ఇన్నాళ్ళూ దేనికి జడిసిందో ఆమెకే అర్థం కాలేదు. "వచ్చాక నా బల్ల కిటికీ పక్కన వేయించండి, వెనకగదిలో కూర్చోను," అంది. అతను విననట్టు ఫ్రేములు సర్దాడు. ఆమె మళ్ళీ అంది. ఈసారి సరేనన్నాడు, సగం నోటితో.

ఆ మూడు వారాలూ కొత్త మాత్ర వేళకు అత్తయ్యే తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందించి, మింగేదాకా నిలబడి, అట్ట మీద పేరు పైకే చదివి లోపలికెళ్ళేది. చదువుతున్నప్పుడు ముఖం ఇంకా తలుపేసినట్టే ఉండేది. మానలేదు.

ఆ మంగళవారం బుల్లిని చక్రాల మంచం మీద తోసుకెళ్తుంటే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. నిజం చెప్పినంత మాత్రాన భయం పోతుందని ఎవరూ అనలేదు. పైన దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. మత్తు డాక్టరు అంకెలు చెప్పమన్నాడు. నాలుగు దాకా గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి కిటికీ మీద మధ్యాహ్నపు ఎండ ఉంది. ఛాతీ చుట్టూ కట్టు బిగువు, రెండు పక్కలా సన్నటి గొట్టాలు. డాక్టరమ్మ వచ్చి, రక్తం మామూలుగానే పోయిందని, ఒక్కోవైపు ముప్పావు కిలో దాకా తీశామని, ఎడమవైపు స్పర్శ సంగతి ఆర్నెల్లు ఆగితేగాని చెప్పలేమని అంది. ఆవిడ వెళ్ళాక బుల్లి మెడ అటూ ఇటూ తిప్పి చూసింది. తిరిగింది. అందులో నొప్పి లేదు.

నొప్పి వేరేచోట, మత్తు దిగేకొద్దీ మొదలైంది. మొదట సన్నగా, తర్వాత మంటలా, ఊపిరి తీసినప్పుడల్లా. భర్త కిందికి మందులకెళ్ళాడు. అత్తయ్య కుర్చీలోనే నిద్రపోయింది, తల గోడకు ఆన్చి, నోరు కొంచెం తెరిచి. తెల్లవారుజాము నుంచీ మేలుకునే ఉంది. బుల్లి పళ్ళు బిగించి, పైకప్పు మీద ఒక మరక చూసుకుని, దాన్నే చూస్తూ పడుకుంది. ఓర్చుకోవడం ఆమెకు చేతనైన పని. ఎవరినీ లేపకుండా గంటలు గంటలు ఓర్చుకోగలదు.

"అత్తయ్యా," అంది.

ఆవిడ ఉలిక్కిపడి లేచింది.

"నొప్పిగా ఉంది."

"ఎక్కడమ్మా?" అంది అత్తయ్య, మంచం మీదికి వంగి.

బుల్లి వేలితో చూపించింది.